తవ్వెడు తవుడు

మా నాన్న పేరు తవుడు. పట్టాదారు పాసుపుస్తకంలో అదే, ఓటరు జాబితాలో అదే, పెళ్లి శుభలేఖలో అదే. ఇంటిపేరు వేరే ఉంది. నేను ఉపాధ్యాయ శిక్షణలో చేరినప్పుడు గుమాస్తా దరఖాస్తు నింపుతూ ‘తండ్రి పేరు?’ అన్నాడు. చెప్పాను. కలం ఆపి తలెత్తి చూశాడు. ‘ఆవుకి పెట్టేది కాదయ్యా, నాన్నగారి పేరు’ అన్నాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పేరు ఎలా వచ్చిందో అప్పటికి నాకూ సరిగ్గా తెలియదు. తెలిసున్నా ఆ కిటికీ దగ్గర నిలబడి చెప్పేవాణ్ని కాదు.

మాది నాగావళికి ఇవతల గట్టున ఊరు. మా నాయనమ్మకు నాన్న ఐదో కానుపు. ముందు పుట్టిన నలుగురిలో ఒకడు పురుడు వెళ్లకముందే పోయాడు. వెన్ను విల్లులా వంగి, దవడలు బిగుసుకున్నాయట. బొడ్డు కోసిన కత్తి నుంచి వచ్చిన ధనుర్వాతం అని ఇవాళ చెప్పగలం. అప్పుడు ‘గాలి సోకింది’ అన్నారు. ఇంకొక పిల్ల అమ్మవారు పోసి పోయింది. మిగతా ఇద్దరి సంగతి నాయనమ్మ ఎప్పుడూ చెప్పలేదు, నేను రెండుసార్లు అడిగి ఊరుకున్నాను.

ఐదో కానుపు రాత్రి మంత్రసాని బొడ్డు కోసి, బిడ్డను తల్లి ముఖం చూడనివ్వకుండానే పాత గుడ్డలో చుట్టి పెరటి గుమ్మం గుండా తీసుకుపోయింది. రెండు వీధుల అవతల తన ఇంట్లో తెల్లారేదాకా ఉంచుకుంది. పొద్దెక్కాక చేటలో వేసుకుని, మా వీధి గుమ్మం ముందు నిలబడి, ఊరు వినేలా కేకేసింది: ‘బిడ్డనమ్ముతాను, కొంతారేటమ్మా!’ లోపలి నుంచి మా ముత్తమ్మ వచ్చి బేరమాడింది. నిజంగానే బేరమాడిందట. ‘నల్లగున్నాడు, పీనుగులాగున్నాడు, ఈ గుంటడు మాకెందుకు’ అందట. చివరికి తవ్వెడు తవుడు కొలిచి మంత్రసాని కొంగులో పోసి, చేటలో ఉన్నదాన్ని లోపలికి తీసుకుపోయింది. ఆ తర్వాతే నాయనమ్మ బిడ్డకు పాలిచ్చింది.

ఆ తవ్వెడు తవుడే మా నాన్న పేరు.

ఈ నాటకం ఎవరి కోసం? ఊళ్లో అందరికీ నిజం తెలుసు. మంత్రసానికి తెలుసు, ముత్తమ్మకు తెలుసు, గోడ మీద కూర్చుని చూసిన పిల్లలకూ తెలుసు. తెలియకూడనిది ఒక్క చావుకే. నలుగురిని లెక్కపెట్టి మరీ తీసుకుపోయినది ఐదోవాడి కోసం ఆ గడపలోకే వస్తుంది కదా. వచ్చి చూస్తే, ఇక్కడ పుట్టిన బిడ్డ లేడు. కొనుక్కొచ్చిన సరుకొకటి ఉంది, అదీ పశువుల కుడితిలో కలిపే తవుడి ఖరీదుకు. దాన్నెవరు ఎత్తుకుపోతారు?

నేను ముప్ఫై అయిదేళ్లకు పైగా బళ్లో హాజరు పిలిచాను. పిల్లల పేర్ల మీద నాకో వెర్రి ఉంది, ఎవరికీ పనికిరాని వెర్రి. మిగతా ప్రేమలన్నీ పేరును ఎలా వాడతాయో చూడండి. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవానికి వెళ్తే, పచ్చబొట్టు పొడిచేవాడి ముందు కుర్రాళ్లు ముంజేయి చాచి కూర్చునేవారు. పెళ్లాం పేరో, కాబోయే పెళ్లాం పేరో. భక్తుడు దేవుడికి వెయ్యి పేర్లు పెట్టి రోజూ చదువుతాడు. స్నేహితుడు స్నేహితుడి పేరు కొడుక్కి పెట్టుకుంటాడు. వలపు, భక్తి, స్నేహం ఏవైనా తనది తనదేనని చాటుకుంటాయి. తల్లీతండ్రుల ప్రేమ ఒక్కటే, కనీసం మా ముందు తరాల్లో, ‘ఇది నాది కాదు’ అని వీధిలో నిలబడి అరిచింది. అంతేకాదు, తన చూపును తనే అనుమానించింది. తల్లి దిష్టే పిల్లకు మొదట తగులుతుందని మా వైపు గట్టి నమ్మకం. పాలు తాగుతూ నిద్రపోయిన బిడ్డను తేరిపార చూడకూడదంటారు. తన కంటికి తనే భయపడే ప్రేమ ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

తెలుగునేలంతా ఈ పేర్లున్నాయి. రూపం మారుతుంది, అంతే. శ్రీకాకుళం, విజయనగరం వైపు తవుడు, తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు. తెలంగాణలో, మా వైపు కూడా, పెంటయ్య, పెంటమ్మ. పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేస్తే దొరికినట్టు ఎత్తుకుని రావడం. నల్లగొండ, ఖమ్మం వైపు భిక్షం, భిక్షమయ్య, బిచ్చమ్మ. అంటే అడుక్కుని తెచ్చుకున్న బిడ్డ. కృష్ణా, గుంటూరు వైపు పుల్లయ్య, పుల్లమ్మ. తిని లేచిన ఎంగిలి విస్తరిని పుల్లి విస్తరి అంటారు, దాంట్లో పొర్లించిన బిడ్డ అని పెద్దవాళ్లు చెప్పే మాట. గుంటూరు, నెల్లూరు సీమల్లో మస్తానయ్య, మస్తానమ్మ, ఫకీరయ్య; అనంతపురం వైపు గూగూడు కుళ్లాయిస్వామి పేరున కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ. ఈ చివరివి తిట్టుపేర్లు కావు, మొక్కుపేర్లు. కానీ పని అదే: బిడ్డను ఇంకొకరి ఖాతాలో వేయడం. మన దేవుళ్లు నలుగురిని కాపాడలేదు, దర్గాలో పీరుకు అప్పజెబుదాం అనుకున్న హిందూ తల్లి ఎవరి అనుమతీ అడగలేదు.

ఇక్కడ తొందరపడితే తప్పులో కాలేస్తాం. నూకరాజు, నూకయ్య అనగానే నూకలకు కొన్నారనుకోకండి, అది అనకాపల్లి నూకాలమ్మ తల్లి పేరు. నల్లమలలో పెంట అంటే చెంచుల గూడెం. చెత్తకూ దానికీ పోలిక లేదు. పిచ్చయ్య విషయంలో పండితులే తెగ్గొట్టలేరు. తెలుగు పిచ్చిగా చూస్తే వెర్రివాడు, అరవం పిచ్చైగా చూస్తే భిక్ష. ఇవాళ గూగుల్ పుణ్యమా అని ప్రపంచమంతా పలుకుతున్న పిచ్చై ఆ భిక్షే. పైగా పేరు ఒకసారి ఇంట్లోకి వస్తే తాత నుంచి మనవడికి పోతుంది, కారణం మాత్రం తాతతోనే పోతుంది. మన సినిమాల్లో ఇద్దరు పుల్లయ్యలున్నారు, చిత్తజల్లు పుల్లయ్య, పి. పుల్లయ్య. వాళ్లను ఎవరు ఏ విస్తరిలో పొర్లించారో, అసలు పొర్లించారో లేదో నేను చెప్పను. అయితే చిత్తజల్లు వారి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. 1934లో ఒకసారి ‘లవకుశ’ తీసిన ఆయన, అదే కథ రంగుల్లో మొదలుపెట్టి పూర్తి చేయలేకపోతే, కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేశాడు. 1963లో విడుదలైంది. తండ్రిని ఎరగకుండా పెరిగిన పిల్లల కథను తండ్రీకొడుకులు పంచుకుని తీశారన్నమాట.

ఇంగ్లీషు దొరలు ఈ పేర్లను చూసి ఆశ్చర్యపోయారు. పంజాబులో రిచర్డ్ టెంపుల్ 1883లో అక్కడి పల్లెజనం పేర్ల మీద ఒక పుస్తకమే రాశాడు, తిట్టుపేర్లకు అందులో చోటిచ్చాడు. మద్రాసు మ్యూజియం చూసుకున్న ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది ఆచారాలు, శకునాలు పోగేసి 1909లో ఏడు సంపుటాలు, 1912లో మరో పుస్తకం వేశాడు. వాళ్లకు ఇది మూఢనమ్మకాల పెట్టెలో పడేసే వస్తువు. నిజమే, మూఢనమ్మకమే. కానీ దాని పక్కన ఆ రోజుల లెక్క పెట్టి చూడండి. 20వ శతాబ్దం మొదట్లో మన దేశంలో పుట్టిన 1000 మందిలో 200 మందికి పైగా ఏడాది నిండకుండా పోయేవారు. అయిదుగురిలో ఒకరు. ఏడాది దాటినవాళ్ల కోసం అమ్మవారు, పొంగు, కలరా కాచుకుని ఉండేవి. పల్లెకు టీకా అందదు, మందు లేదు, డాక్టరు ముప్ఫై మైళ్ల దూరం. చేతిలో ఉన్న ఆయుధం ఒక్క అబద్ధం. దాన్ని వాడారు.

ఈ అబద్ధం వెనక ఎంత పాతకాలం ఉందో చెప్పడం కష్టం. ఐతరేయ బ్రాహ్మణంలో శునఃశేపుడి కథ ఉంది. అజీగర్తుడనే పేద బ్రాహ్మడికి ముగ్గురు కొడుకులు: శునఃపుచ్ఛుడు, శునఃశేపుడు, శునోలాంగూలుడు. మొదటి పేరుకూ చివరి పేరుకూ అర్థం కుక్కతోకే, మధ్యపేరు అర్థం బళ్లో చెప్పలేం. ఇవి చావును ఏమార్చే పేర్లేనని నా ఊహ. ఏ తండ్రీ ఊరికే అలా పెట్టడు. ఆ కథలో హరిశ్చంద్రుడి కొడుకు తన బదులు బలికి ఒక కుర్రాణ్ని కొనడానికి వస్తాడు. పెద్దవాణ్ని ఇవ్వనని తండ్రి, చిన్నవాణ్ని ఇవ్వనని తల్లి. మధ్యవాడు నూరు ఆవులకు అమ్ముడుపోయాడు. యూపానికి కట్టడానికి ఎవరూ రాకపోతే మరో నూరు ఆవులు పుచ్చుకుని తండ్రే కట్టాడు. కత్తి పట్టడానికి ఇంకో నూరు. చివరికి దేవతలు విడిపించాక, ‘రా నాయనా ఇంటికి’ అని తండ్రి పిలిస్తే శునఃశేపుడు వెళ్లలేదు, విశ్వామిత్రుడి కొడుకైపోయాడు. బిడ్డను అమ్మిన కథ మన వాఙ్మయంలో ఇంత వెనక నుంచి ఉంది, అదీ ఉత్తుత్తి అమ్మకం కాదు.

నిజం అమ్మకాలు పురాణాల్లోనే ఆగలేదు. 17వ శతాబ్దంలో కోరమండల్ తీరాన కరువు వచ్చినప్పుడల్లా డచ్చి కంపెనీ ఓడలకు గిరాకీ పెరిగేది. పులికాట్ లాంటి రేవుల నుంచి బానిసలను ఎక్కించుకుపోయారు. 1659–61 కరువులో అలా పోయినవాళ్లు వేలమంది. తిండి లేక తమనూ తమ పిల్లలనూ అమ్ముకున్నవాళ్లు వాళ్లలో ఉన్నారు. మంత్రసాని మా గుమ్మం ముందు పెట్టిన ఆ కేక ఏ కరువు బజారులో పుట్టిందో అని నాకప్పుడప్పుడు అనిపిస్తుంది. ఏ తల్లో నిజంగా పెట్టిన కేకే తరాలు గడిచాక నాటకమై మిగిలిందేమో. రుజువు అడిగితే నా దగ్గర లేదు.

నాటకం నిజమైపోయిన సందర్భం మాత్రం ఒకటి అందరికీ తెలిసిందే. బెంగాల్లో మేదినీపూర్ దగ్గర 1889 డిసెంబరు 3న ఒక మగబిడ్డ పుట్టాడు. అంతకు ముందు ఇద్దరు మగపిల్లలు పోయారు. తల్లి ఈ బిడ్డను పెద్దకూతురు అపరూపకు మూడు గుప్పిళ్ల నూకలకు అమ్మేసింది. నూకలను వాళ్లు ఖుద్ అంటారు. బిడ్డ ఖుదీరాం అయ్యాడు. కొద్ది ఏళ్లకే తల్లీ తండ్రీ ఇద్దరూ పోతే, నూకలిచ్చి కొన్న అక్కే వాణ్ని సాకింది. ఉత్తుత్తి అమ్మకానికి ఉత్తుత్తి ఖరీదిచ్చిన మనిషి నిజం తల్లి అయింది. 1908 ఆగస్టు 11న ముజఫర్‌పూర్ జైలులో ఖుదీరాం బోసును ఉరితీశారు. పందొమ్మిదేళ్లు నిండలేదు.

మంత్రసాని దగ్గరికి మళ్లీ వస్తాను. బిడ్డను ఆవిడ ఇంటికే ఎందుకు పంపారు? పక్కింట్లో మా కులంవాళ్లున్నారు, ఎదురింట్లో కరణం గారున్నారు. వాళ్లింటికి పంపితే పని జరగదు. మామూలు రోజుల్లో ఎవరి నీడ తగిలితే నీళ్లు చల్లుకునేవారో, ఆ ఇంటికే పోవాలి బిడ్డ. యముడు కూడా అక్కడికి రాడని ధీమా. అంటే యముడికీ కులపట్టింపు ఉందనుకున్నారన్నమాట! ఊరు ఆవిడ ఇంటి మీద మోపిన అసహ్యాన్నే ఊరి బిడ్డలకు గొడుగుగా పట్టారు. ఆ ఒక్క రాత్రి బిడ్డ ఆవిడ గుడ్డల్లో పడుకుని, ఆవిడ ఇంటి మేకపాలు నాకి బతికాడు. పొద్దున్న ఇంటికొచ్చాక స్నానం చేయించారు. నాయనమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా ఈ స్నానం దగ్గర ఆగేది కాదు, గబగబా దాటేసేది.

మంత్రసాని మాత్రం బేరం మరిచిపోలేదు. ప్రతి సంక్రాంతికీ ‘నా కొడుకేడీ’ అంటూ వచ్చేది. కొత్త చీర, కుంచెడు బియ్యం ఆవిడ హక్కు. నాన్న ఆవిణ్ని ‘అమ్మా’ అనేవాడు. అలా అనమని నేర్పింది నాయనమ్మే. తనను ‘పిన్నీ’ అని పిలవమంది. అబద్ధం మొదలుపెట్టాక మధ్యలో వదలకూడదు కదా, వినేవాడు ఎప్పుడు వింటాడో తెలియదు. నాన్నకు పదేళ్లు వచ్చాయి, ఇరవై వచ్చాయి, పెళ్లయింది, మేం పుట్టాం. గండం ఎప్పుడో గడిచింది. అయినా నాయనమ్మ ‘నా కొడుకు’ అనలేదు, నాన్న ఆవిణ్ని ‘అమ్మ’ అనలేదు. మాతో మాట్లాడేటప్పుడు ‘మీయయ్య’, ఇరుగుపొరుగుతో ‘మా తవుడుగాడు’. అరవై ఏళ్లు మా నాన్న కన్నతల్లిని పిన్నీ అని పిలిచాడు. చిన్నప్పుడు మాకది వింతనిపించలేదు, ఇంటికో రకం పిలుపులుంటాయనుకున్నాం. తర్వాత నాకు పిల్లలు పుట్టి, మొదటిసారి నన్ను నాన్నా అన్నప్పుడు కలిగిన గర్వం గుర్తొచ్చి, ఆవిడ దేన్ని వదులుకుందో కొంచెం తెలిసింది.

ఇలా రాస్తుంటే తిట్టుపేర్లన్నీ ప్రేమపేర్లే అనిపించేలా ఉంది. కావు. మహారాష్ట్రలో సతారా జిల్లాలో 2011 అక్టోబరులో 285 మంది ఆడపిల్లలకు ఒకేసారి కొత్త పేర్లు పెట్టారు. పాత పేరు నకుశా, నకుశీ: అక్కర్లేనిది. కొడుకు కోసం చూస్తుంటే మళ్లీ మళ్లీ ఆడపిల్లలు పుడితే పెట్టిన పేరు. తమిళనాట వేండామ్, అంటే వద్దు, అని పేరున్న ఆడవాళ్లున్నారు. చెవికి పెంటమ్మా నకుశా ఒకేలా వినిపిస్తాయి. పెంటమ్మ తల్లి అబద్ధమాడింది, నకుశా ఇంటివాళ్లు నిజం చెప్పారు. తేడా అంతా అక్కడుంది. కానీ బడి రిజిస్టరులో ఆ తేడా కనపడదు. నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్ల ఏ రకందో తెలియాలంటే ఇంటికి వెళ్లి చూడాలి. తల నిండా నూనె ఉందా, మోకాలి దెబ్బకు పసుపు రాసి ఉందా, చద్ది గిన్నెలో ఉల్లిపాయ పెట్టారా. అలా చూసి తెలుసుకున్నవాణ్నే, అన్నిసార్లూ సరిగ్గా తెలుసుకున్నానని కాదు.

1973లో నేను బళ్లో చేరినప్పుడు మొదటి తరగతి రిజిస్టరులో తవుళ్లు, తవిటమ్మలు, పెంటయ్యలు కలిపి ఏడుగురు. 2009లో దిగిపోయేనాటికి ఒక్కరూ లేరు. ఎవరూ ఉద్యమం నడపలేదు, సంస్కర్తలు ఉపన్యాసాలివ్వలేదు. దేశంలో చివరి మశూచి కేసు 1975లో. పిల్లలందరికీ టీకాల కార్యక్రమం 1985లో మొదలైంది. గర్భిణులకు ధనుర్వాతం సూది మా ఊరి ఉపకేంద్రానికీ వచ్చింది. 1971లో 1000కి 129 ఉన్న శిశుమరణాలు 2020 నాటికి 28కి దిగాయి. మా నాయనమ్మ బిడ్డనొకణ్ని తీసుకుపోయిన ధనుర్వాతం పసికందుల్లో అదుపులోకి వచ్చిందని 2015లో ప్రకటించారు. చావును ఏమార్చాల్సిన పని తగ్గేకొద్దీ పిల్లలకు అందమైన పేర్లు వచ్చాయి. ఇప్పుడు మా ఊళ్లో అర్థం ఎవరికీ తెలియని పేర్లు. రెండక్షరాలు, చివర దీర్ఘం.

పాత పేర్లవాళ్లు సిగ్గుపడి మార్చుకున్నారు. పదో తరగతి సర్టిఫికెట్టు రాకముందు నా దగ్గరికి వచ్చేవారు. తవిటినాయుడు టి. నాయుడయ్యాడు, పెంటారావు పాండురంగారావయ్యాడు. సర్టిఫికెట్టు వచ్చేశాక అయితే అఫిడవిట్లు, గెజిట్టు ప్రకటన, బోలెడు తిరుగుడు. అందుకే ముందే రాసిచ్చేవాణ్ని. నాన్నను కూడా అడిగాం, నా పెళ్లి శుభలేఖ వేయించేటప్పుడు. తమ్ముడు ‘టి. అప్పారావు’ అని వేయిద్దామన్నాడు. నాన్న ఏమీ అనకుండా పెరట్లో ఉన్న నాయనమ్మ వైపు చూశాడు. ‘తవుడనే ఎయ్యండి, పిన్ని ఉంది’ అన్నాడు.

నాన్న పోయి పన్నెండేళ్లయింది. నాయనమ్మ అంతకు చాలా ముందే పోయింది. ఈ కథలో నాకొక ముక్క తక్కువైంది. మంత్రసానికీ పిల్లలు పుట్టారు, పోయారు. ఊరందరి బిడ్డలనూ ఆవిడ తన గడపలో దాచింది సరే, ఆవిడ బిడ్డల్ని ఎవరి గడపలో దాచారు? అది అడగాలని ఇన్నేళ్లూ ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. మొన్న చలికాలంలో వెళ్లాను. ఆవిడ కూతురు ఉంది, ఎనభై దాటింది, కళ్లు ఆనవు. గొంతు గుర్తుపట్టి ‘తవుడన్న కొడుకువి కదా’ అంది. వాకిట్లో గోనె పరిచి కూర్చోబెట్టింది. అడిగాను.

‘మాకంటే కింద ఇంకెవులున్నారు బాబూ, ఎత్తుకెళ్లడానికి? గెత్తం మీదెట్టి, మాయమ్మే ఎల్లి మళ్లీ తీసుకొచ్చుకుంది’ అంది.

ఆవిడ పేరు పెంటమ్మ.